పావగడకు జాజ్ వినిపించిన సదానంద గారు

1993 జూన్ 14వ తేదీ ఉదయం పావగడ కొండ కింది మన ప్రౌఢశాల హాజరు పట్టీలో శ్రీ సదానంద గారు సంగీతోపాధ్యాయులుగా తొలి సంతకం చేశారు. ముప్పై మూడేళ్ళ సేవ ముగించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ సహృదయునికి సహోద్యోగుల పక్షాన సమర్పిస్తున్న అభినందన ఇది.

ఆయన చేరిననాడు సంగీతానికి ప్రత్యేకంగా గది లేదు. ప్రయోగశాలలో గాజు సీసాల బీరువా పక్కన నాలుగు చాపలు పరిచి, వాటి ముందు తన సొంత హార్మోనియం పెట్టుకుని పాఠం మొదలుపెట్టారు. చేరిన పిల్లలకు వెంటనే పాట నేర్పడం ఆయన పద్ధతి కాదు. షడ్జం మీద గొంతు నిలకడగా నిలిచేదాకా ఆ ఒక్క స్వరమే పలికించేవారు. ఆ తరువాత శంకరాభరణ రాగం ఎత్తుకుని, స్వరాలు బస్సు ఆగే ఊళ్ళవంటివనీ, ఒక ఊరికీ మరో ఊరికీ నడుమ ఎంత దూరమో తెలియనిదే ప్రయాణం సాగదనీ చెప్పేవారు. గాంధారం నుంచి మధ్యమానికీ, నిషాదం నుంచి పై షడ్జానికీ దూరం సగమేనని వివరిస్తుండగా ఒక విద్యార్థిని లేచి, "అయితే సార్, ఆడ హాఫ్ టికెట్టేనా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. ఆయన మాత్రం గంభీరంగా, "అవునమ్మా, హాఫ్ టికెట్టే. ఫుల్ టికెట్ ఇచ్చినావంటే శ్రుతి తప్పినట్టే," అన్నారు. ఆ తరగతిలో చదివినవారెవరూ ఈనాటికీ ఆ దూరాలు మరచిపోలేదు.

కాలక్రమంలో మన తాలూకా రూపం మారింది. తిరుమణి, వల్లూరు ప్రాంతాల్లో శనగచేల స్థానంలో సౌర ఫలకలు బారులు తీరాయి. తిరుమణి రైతు నారప్ప తన పొలాన్ని కౌలుకిచ్చి, అందులోని కొట్టాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. ఊరి భజన బృందానికి పెద్ద అయిన నారప్ప, పడుచుతనంలో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించినవాడు. డీజేలు వచ్చి ఆ బ్యాండు మూతపడ్డాక దాని వాద్యాలన్నీ ఆ కొట్టంలోనే మూలుగుతున్నాయి. ఒకనాటి ఉదయం వాటిని ఆటోలో వేసుకుని పాఠశాలకు వచ్చాడు.

"పాత సామాను వానికి ఏస్తామనుకుంటి సార్, మనసు ఒప్పలేదు. మా ధనశ్రీ మీ దగ్గరే తొమ్మిదో తరగతి సదవతా ఉండాది గదా, దాని చేతికి ఆ క్లారినెట్ ఇచ్చి సూడండప్పా," అన్నాడు. ధనశ్రీ నారప్ప మనుమరాలు.

సరిగ్గా ఆ ఏడే సంగీతానికి ముప్పు వచ్చింది. పాఠశాలను నడిపే ఆడళిత మండలి, సంగీత పీరియడ్‌ను తొలగించి ఆ సమయాన్ని కంప్యూటర్ శిక్షణకు కేటాయించాలని యోచించింది. సదానంద గారికి గ్రంథాలయ బాధ్యత అప్పగిస్తారట. మండలి కార్యదర్శి, బజారు వీధి వ్యాపారి శ్రీనివాస శెట్టి గారు కటువైన మనిషి కారు, ఉన్నమాట చెప్పారు. "యేటా అదే ప్రార్థన, అదే స్వాగత గీతం. దీనికి ఒక పీరియడ్ యాల సార్? వార్షికోత్సవంలో కొత్తది ఏమన్నా సూపీండి. ఆ పొద్దే తేలుస్తాము." ప్రధానోపాధ్యాయురాలు శ్రీమతి అంబుజ గారు ఎంత వాదించినా అంతకుమించి గడువు దొరకలేదు. తరగతి నిలుస్తుందా పోతుందా అన్నది ఆ ఒక్క సాయంత్రం మీద ఆధారపడింది.

సదానంద గారు ఆ వాద్యాలను తుడిచి వరుసగా పెట్టి చూశారు. క్లారినెట్, కార్నెట్ అనే ఇత్తడి బూర, పెద్ద డ్రమ్ము. ఇటువంటి బ్యాండు వాద్యాలతోనే ఎదిగిన సంగీతం ఒకటుందని ఆయనకు తెలుసు. మరునాడు తరగతిలో దాని కథ చెప్పారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ అనే నగరంలో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి బిడ్డలూ మనుమలూ పొలం పాటనూ, చర్చి పాటనూ, వీధి బ్యాండునూ కలిపి జాజ్ అనే కొత్త సంగీతాన్ని పుట్టించారనీ, వారు పనులు వెదుక్కుంటూ ఉత్తరాది నగరాలకు తరలినప్పుడు ఆ సంగీతమూ వెంట నడిచి, గ్రామఫోను రికార్డులెక్కి దేశదేశాలకూ చేరిందనీ వివరించారు. ఆ సంగీతంలో మేజర్ స్కేల్ అనే స్వరాల వరుస మన శంకరాభరణమేనన్నారు. మనం ఒక్కొక్క స్వరాన్నీ వరుసగా నడిపిస్తే, వారు మూడు నాలుగు స్వరాలను ఒకే బండిలో ఎక్కిస్తారు, దాన్నే కార్డ్ అంటారన్నారు. గాంధారాన్ని మాత్రం పైన నిలపరు, కిందికి దించరు, బరువు మోసేవాడి నడుములా నడిమధ్యన వంచుతారని చెప్పి, నెలల సాధన తరువాత ధనశ్రీ చేత క్లారినెట్ మీద ఆ వంపు వాయింపించారు. దెబ్బ పడవలసిన చోట పడక, దాని పక్కన పడడంలోనే ఈ సంగీతపు నడక ఉందన్నారు.

సాధన జరుగుతుండగా తొంగిచూసిన శెట్టిగారు, "ఏంది సార్ ఇది, పెండ్లి బ్యాండా, సావు బ్యాండా?" అన్నారు.

"రెండూనండీ," అన్నారు సదానంద గారు. "ఆడ శవాన్ని సాగనంపేటప్పుడు మెల్లగా వాయిస్తారు, తిరిగొచ్చేటప్పుడు గంతులేసేటట్టు వాయిస్తారు."

వార్షికోత్సవం సాయంత్రం మైదానం నిండింది. ముందు వరుసల్లో మండలి సభ్యులు, వెనుక తిరుమణి, వల్లూరుల జనం. సౌర విద్యుత్ ప్లాంటులో కాపలా పని ముగించి యూనిఫారాలతోనే వచ్చినవారూ ఉన్నారు. సదానంద గారు కట్టిన చిన్న వరసను ధనశ్రీ వాయించాలి. ఆమె ఒక పలుకు వాయించి ఆగితే, ఆ ఖాళీలో హార్మోనియం జవాబు చెప్పాలి. అది ఏర్పాటు.

ధనశ్రీ మొదటి పలుకు వాయించి ఆగింది. భజనలో ముందు పాడేవాడు ఆగితే ఆ తరువాతి క్షణం బృందానిది. తిరుమణి వారికి అది ఊపిరితో అబ్బిన అలవాటు. సదానంద గారి వేళ్ళు మెట్ల మీద పడేలోగా వెనుకనుంచి నారప్ప గొంతు ఆ పలుకునే తిరిగి పాడింది; ఆ వెంటనే భజన బృందం మొత్తం అందుకుంది. ముందు వరుసల్లో నవ్వులు రేగాయి. ధనశ్రీ ముఖం తెల్లబోయింది. "ఓ నారప్పా, నోరు మూసుకోప్పా! పిల్లది వాయిస్తాండాది!" అని ఎవరో కసిరారు. "నేనేం సేస్తిని? అది ఆపింది, నేను అందుకొంటి," అన్నాడు నారప్ప.

శెట్టిగారు జనాన్ని సద్దుమణచడానికి లేచారు. ఆ క్షణాన సదానంద గారికి రెండు దారులున్నాయి. చేయెత్తి జనాన్ని ఆపితే అనుకున్న కార్యక్రమం అనుకున్నట్టు నడుస్తుంది. కాని ఒకరు పిలవడం, పదిమంది పలకడం జాజ్‌కు పుట్టుక నుంచీ ఉన్న గుణమని తరగతిలో చెప్పినది తానే. పలికే పదిమంది దొరకరని, వారి వాటాను హార్మోనియానికి కట్టబెట్టినదీ తానే. ఆయన హార్మోనియం మీది నుంచి చేతులు తీసేసి, "ఇంకోటి వాయించమ్మా, వాళ్ళని పలకనీ," అన్నారు.

ధనశ్రీ కొత్త పలుకు వాయించింది. జనం పలికారు. ఈసారి ఆమె భయం వదిలి, అప్పటికప్పుడు కల్పించి, గాంధారాన్ని వంచింది. సగంమంది జారిపోయి తమకు తామే నవ్వుకున్నారు. నారప్ప మాత్రం ఆ వంపు పట్టుకున్నాడు. అప్పుడు హార్మోనియం కార్డులతో వారి కింద నేల పరిచింది, డ్రమ్ము పక్కదెబ్బతో నడక అందించింది. ముందు వరుసల్లోని వారూ గొంతు కలిపారు.

సభ ముగిశాక శెట్టిగారు నుదురు తుడుచుకుంటూ, "ఇంతమంది పాడినాక పీరియడ్ ఎట్ల తీసేది సార్? రేపొద్దున నా అంగడి ముందర నిలబడి అడుగుతారు," అన్నారు. సంగీతం నిలిచింది. అయితే సదానంద గారి తరువాత ఆ స్థానంలో ఎవరినీ తీసుకోబోమని మండలి ఆనాడే తీర్మానించింది. ఆ మాట ఆయన ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. పాఠాలు మాత్రం మానకుండా చెప్పారు.

గత నెలలో నారప్ప పదిమందిని వెంటబెట్టుకుని మండలి సమావేశానికి వచ్చాడు. "సార్‌కి వయసైంది, ఇంటికి పోతాడు. పీరియడ్‌కి వయసు కాలేదు గదా!" అన్నాడు. సంగీతంలో పట్టా పొందిన ధనశ్రీని జూన్ నుంచి, ప్రస్తుతానికి ఒక ఏడాది పాటు, నియమించేందుకు మండలి అంగీకరించింది.

తొలి పాఠానికి వచ్చి కూర్చోవలసిందిగా అంబుజ గారు ఆహ్వానిస్తే సదానంద గారు చేతులు జోడించి నిరాకరించారు. "నేను ఎదురుగా ఉంటే ఆ పిల్ల నా ముఖం చూసి వాయిస్తుంది. వద్దు మేడం. తప్పో ఒప్పో, దానిదే కానీండి."

తన గొంతు పక్కకు తీసి ఎదుటివారి గొంతుకు చోటిచ్చిన ఈ ఉపాధ్యాయునికి మేము ఇవ్వగల శాలువా చిన్నది. ఆయనకూ, ఆయన కుటుంబానికీ ఆయురారోగ్యాలు సమృద్ధిగా కలుగుగాక. బెల్లు మోగని ఉదయాలు ఆయనకు ఎన్నెన్నో దక్కుగాక. ఆ ఉదయాల్లో ఆయన ఎవరికీ నేర్పే పని లేకుండా, తనకోసం మాత్రమే, తీరిగ్గా పాడుకొందురుగాక.