గుడ్లగూబకి ఏడు చేతులు

“అంకుల్, ఆదివారాలు పక్షుల వాక్‌కి వెళ్లడం మానేశారేంటి?” అని అడిగావు చూడు, ఎవరూ అడక్కూడదనుకున్న మాటే అడిగావు. మా బేస్‌మెంట్లో ఉంటున్నావు, నీ దగ్గర దాపరికమెందుకు. కూర్చో శ్రావణీ. ముందా ఫోను పక్కన పెట్టు.

కెనడా వచ్చి, ఈ మిస్సిసాగాలో రిటైరైన తెలుగువాళ్లం ఏడుగురం. మార్చిలో చెరువు మీద మంచు కరుగుతుంటే దక్షిణం నుంచి పక్షులు తిరిగొస్తాయి, చూడ్డానికి వెళ్తాం. లీడర్ని నేను. చదివింది పదో తరగతి, చేసింది ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో. అయినా డాక్టర్లూ ఇంజినీర్లూ నా వెనకాలే నడిచేవాళ్లు. ఎందుకంటావ్? క్రమశిక్షణ. ఆలస్యంగా వచ్చినవాళ్లకి నా వీపే కనిపించేది. మా బావమరిది ఓసారి... సరే, వాడి సంగతి వదిలెయ్. ఇప్పటికీ మాట్లాడడు.

నడక అయ్యాక పార్కింగ్‌లో లిస్టు చదువుతాను. పిట్ట పేరు రాగానే చూసినవాళ్లు చెయ్యెత్తాలి. కంటితో చూస్తేనే ఎత్తాలి, అది నా రూలు. ఎదురుగా ఉన్నది చూడనివాళ్లని కూడా వదలను, “ధ్యాస ఎక్కడుందండీ?” అని నలుగురిలో అడిగేస్తాను. ఫిబ్రవరిలో, కాదు, మార్చి మొదటివారం, మూర్తిగారని రిటైరైన కంటి డాక్టరు, “కూత విన్నానండీ, ఎర్రరెక్కల పిట్టే” అన్నారు. “విన్నది చూసినట్టు కాదు” అని కొట్టేశాను. పాపం ఆయన ముఖం... పాపమేముందిలే, రూలు రూలే.

పై ఆదివారం ఆయనే, “ఆ దేవదారులో గుడ్లగూబ” అన్నారు గుసగుసగా. అందరూ బైనాక్యులర్స్ ఎత్తి “అబ్బ!” అన్నారు. చిన్నప్పుడు అది అరిస్తే మా అమ్మ తలుపులు మూసేసేది. ఇక్కడ దాని దర్శనానికి మైనస్ పదిలో నిలబడతాం. నాకేమో చెట్టంతా పాలెక్కువైన టీలా ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎవరికీ చెప్పలేదు. చూపులేనివాణ్ణి లీడరుగా ఎవరుంచుతారు?

లిస్టులో గుడ్లగూబ అని చదివాను. ఆరు చేతులు లేచాయి. ఏడోది నాది. దానంతటదే లేచిందని అనను, నేనే ఎత్తాను.

మూర్తిగారు నన్ను కారు దాకా నడిపించి, “ఏ కంటితో చూశారండీ?” అన్నారు మెల్లిగా. కంటి డాక్టరు కదా, తెలిసిపోయింది.

ఆ వారమంతా తిండి సయించలేదు. మళ్లీ ఆదివారం అందరి ముందూ ఒప్పుకున్నాను. సత్యం గురించి రెండు నిమిషాలు మాట్లాడాను కూడా. ఛీకొడతారనుకున్నా.

సరోజగారు నవ్వారు. “నేనూ చూళ్లేదు అన్నయ్యగారూ. లేదంటే మీరు ధ్యాస పాఠం మొదలెడతారని.”

“నాకూ ఎండుటాకులే కనబడ్డాయి” అన్నారు రావుగారు.

ఇంకొకరు, ఇంకొకరు... తీరా చూస్తే, చూసింది మూర్తిగారొక్కరే! ఇన్నేళ్లూ నిజం నేర్పుతున్నాననుకున్నానమ్మా. నేర్పింది చెయ్యెత్తడం.

అందుకే మానేశా. సిగ్గుతో కాదు... కాదు, సిగ్గుతోనే. నిన్న మూర్తిగారు ఫోన్ చేశారు. ఆపరేషన్‌కి తెలిసిన డాక్టరుతో మాట్లాడారట. “అందాకా రండి. కనబడకపోతే కనబడలేదనండి, మాకూ ధైర్యమొస్తుంది” అన్నారు. లీడరు ఇప్పుడాయన. నేను వెనకాల నడవాలి. డెబ్భైనాలుగేళ్లకి!

నువ్వు చల్లగా ఉండు తల్లీ. తెలియనిది తెలియదనే ధైర్యం నీకు నా వయసు రాకముందే రావాలి. రేపు ఆదివారమే కదూ? నా ఉన్ని సాక్సులు ఇక్కడే ఎక్కడో ఉండాలి, కాస్త చూసిపెట్టు. నాకు కనబడట్లేదు.