ఫైనల్ నాటి కోత

దీవిలోని చౌల్దారీ ఊళ్లో జీవరాజు ఇంట్లో టీవీ మోగుతోంది. విదేశంలో ఎక్కడో జరుగుతున్న పెద్ద గోల్ఫ్ టోర్నమెంటు ఫైనల్ రౌండు అది. రేపు చర్చిలో కోతపండగ. తమ చేలో మొదటి వరి పన కోసి దేవుడికి పట్టుకెళ్దామని గరాచర్మ నుంచి బస్సెక్కి వచ్చింది అక్క.

“కొడవలేదిరా రాజూ?”

“చుప్ దీదీ! బంతి కొడతన్నాడు.”

“ప్రార్థనలో కూడా ఇంత కుదురుగా కూకోవు. ఆడు గుంటలోకి బంతి తోస్తే నీకేటొస్తాది?”

“నౌకరీ వస్తాది. కంపెనీవోళ్లు ఇలాటి మైదానమే ఇక్కడ కడతన్నారు. గడ్డి ఎలా పెంచాలో చూసి నేర్చుకోమన్నారు.”

“ఇక్కడంటే ఎక్కడ?”

తమ్ముడు తెర మీంచి చూపు తిప్పకుండానే ఇంటి వెనక చేను వైపు బొటనవేలు చూపాడు.

“నాన్న అడవి నరికి చేసిన చేనురా అది!”

“కోతయ్యాకే ఇస్తానన్నాను దీదీ. ఆళ్లు నిన్ననే జేసీబీ తోలేసారు.”

“పండిన వరి మీదా? నువ్వు అడ్డుపడలేదా?”

“అడ్డుపడితే నౌకరీ ఎవడిస్తాడు? దుకాణంలో ఓడ మీద వచ్చిన బియ్యం ఉన్నాయి, కిలో కొనుక్కెళ్లు.”

“నేనెళ్లను. రేపు పాస్టరుగారు కానుక తెమ్మని మన ఇంటిపేరు పిలుస్తారు. నువ్వే లేచి చెప్పు.”

“ఏటని చెప్పాలి?”

“ఈ ఏడు మా చేలో దేవుడికి గడ్డి పండించామని చెప్పు.”