ఎదురు రాలేనండీ

చూశారా ఏవండీ, మళ్ళీ మీ పేరు మీదే కాగితం అంటించారు. ట్యూషన్ చెప్పబడునట. పదకొండు మంది పేర్లున్న రాయి మీద వీళ్ళకి మీ పేరే దొరికిందా? ఉండండి, గోటితో గీకుతున్నాను.

సరిహద్దులో పోయిన మీ అందరి కోసం కట్టిన వంతెన కదా, మీరెరగరు. ఏలూర్లో ఎవరికీ ఆ పదకొండు పేర్లూ గుర్తులేవు గానీ, జవాన్ల వంతెన తెలియనివాళ్ళు లేరు. కొల్లేటి చేపల వ్యాన్లు దీని మీంచే, పెళ్ళి ఊరేగింపులు దీని మీంచే. పునుగుల బండాయన తువ్వాలు మీ మీదే ఆరేస్తాడు. ఆటోవాళ్ళు "జవాన్ల వంతెన" అని కేకేస్తే, మిమ్మల్నే పిలిచినట్టు ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

ఇవాళ మన ఇందు వెళ్ళిపోతోందండీ. ఆర్మీ ట్రైనింగుకి, చెన్నై. పదింటికి రైలు. మీరు పోయేనాటికి నాలుగేళ్ళది. "అమ్మా, నువ్వే ఎదురు రావాలి" అని ఒకటే పట్టు. బొట్టు లేనిదాన్ని, నేనేం ఎదురొస్తాను? పక్కింటి సరళగారిని రమ్మని, గుడికని చెప్పి ఇలా వచ్చేశాను.

బొట్టు సంగతి వంక లెండి. మీకు తెలియందేముంది?

సెలవైపోయి మీరు బయల్దేరిన ఆ రోజు మీకు ఒళ్ళు కాలిపోతోంది. గుమ్మం దిగి వెనక్కొచ్చారు. శకునం కదాని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకునే, "గీతా, డాక్టరు చేత కాగితం రాయించి ఓ వారం ఆగనా?" అన్నారు. నేనేమన్నాను? "పెళ్ళాం కొంగు వదల్లేకపోతున్నాడని సరళగారు ఇప్పటికే నవ్వుతున్నారు, బయల్దేరండి" అన్నాను. నేనే ఎదురొచ్చాను. తొమ్మిదో రోజున కబురొచ్చింది.

దేశం కోసం పంపానా? పక్కింటావిడ నవ్వుతుందని పంపానండీ. ఈ వంతెన ప్రారంభం రోజు మైకులో మాత్రం, "నవ్వుతూ సాగనంపాను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇందు ఆ మాట పట్టుకునే పెరిగింది, ఆ మాట పట్టుకునే వెళ్తోంది.

నిజం చెబితే ఆగుతుందేమో. వారం నుంచీ నోటిదాకా వస్తోంది, మింగేస్తున్నాను.

అయ్యో, అదుగో ఆటో. స్టేషనుకి ఈ వంతెన మీంచే కదండీ వెళ్ళాలి, నా మతి మండ. చూసేసింది. ఆపించి దిగుతోంది.

...

వెళ్ళిపోయిందండీ. "ఎదురొచ్చావా అమ్మా" అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టింది. వెళ్ళిరామ్మా అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఉండిపోవే అనడానికి ఈసారీ నాకు నోరు రాలేదు.