మూత తీయని కీమా ఉండలు

చంటిపాపను ఇంట్లో వదిలి మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అది. సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో నిలబడి ఆమె మరిదికి ఫోన్ చేసింది.

"మామయ్యగారు మూత తీశారా?"

"ఏ మూత వదినా?"

"వేళాకోళం వద్దు. స్లో కుక్కర్ మూత! మాటిమాటికీ తీస్తే వేడంతా పోయి కీమా ఉండలు ఉడకవు. భోజనాల వేళకి అవి కాకపోతే ఉద్యోగం మానెయ్యమంటారు. నిన్ననే చెప్పేశారు."

"పొద్దున్నుంచి వెయ్యిసార్లు తీయబోయాడు. గ్రేవీ వాసన అలా ఉంది మరి. పక్కవీధి వాళ్లు వచ్చి మన గోడ నాకుతున్నారు."

"అయ్యో! తీసేశారా?"

"ఎలా తీస్తాడు? పాప ఉయ్యాల వంటింటి గుమ్మానికి అడ్డంగా పెట్టాను. నిద్రపోతున్న పాపని లేపే మొనగాడు మనింట్లో ఇంకా పుట్టలేదు. నాన్న మునివేళ్ల మీద వచ్చాడు, మునివేళ్ల మీదే వెళ్లిపోయాడు."

"నీ దుంపతెగ! సరే, ఒక ఉండని గరిటెతో నొక్కి చూడు. మెత్తబడిందా?"

"గరిటె చూపించగానే విడిపోయింది. ఇందాక ఉడికాక నేనే మూత తీసి గిన్నెలో పెట్టిస్తే, నాన్న ఉప్పు చూస్తానని కూర్చుని డజను తిన్నాడు."

"హమ్మయ్య! మరి ఉద్యోగం గురించి ఏమన్నారు?"

"చాలా గంభీరంగా ఒక మాటన్నాడు."

"నన్ను చంపక చెప్పు బాబూ!"

"రేపట్నించి నిన్ను బస్టాపులో తనే దింపుతాడట. ఇప్పుడు స్కూటర్ తుడుస్తున్నాడు."