కోసి కుట్టిన మోకాలు

ప్రొద్దుటూరు మెజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి సాక్షి చెప్పగా రాసుకున్నది.

నా పేరు గురవమ్మ. నా భర్త పేరు నాగప్ప. నా వయస్సు యాభై ఎనిమిది సంవత్సరాలు. మాది జమ్మలమడుగు మండలం ఎర్రవంకపల్లె. గొర్రెలు మేపడం, ఉన్న చేనిలో శనగ వేసుకోవడం మా వృత్తి. మాకు పిల్లలు లేరు.

ఈ సాక్ష్యం చెప్పమని నన్ను ఎవరైనా బలవంతపెట్టారా అని మెజిస్ట్రేటు గారు అడిగారు. చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేదు. చెప్పవద్దని మాత్రం చాలామంది అడిగారు. నేను నా ఇష్టంతోనే చెబుతున్నాను.

ఈ కేసులో ఉన్న భారతి నా చెల్లెలి కూతురు. భారతి ఆరో తరగతి చదివేటప్పుడు నా చెల్లెలు చనిపోయింది. అప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. నన్ను పెద్దమ్మా అని, నా భర్తను పెద్దనాయనా అని పిలుస్తుంది. నర్సు చదువు చదివి, ప్రొద్దుటూరులో ఈ కేసు నడుస్తున్న ఎముకల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. మొదట వార్డులో చేసేది. తర్వాత ప్రభుత్వమే ఆసుపత్రికి డబ్బు కట్టే కార్డు మీద ఆపరేషన్లకు వచ్చేవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం, వాళ్ళ కాగితాలన్నీ చూడడం ఆమె పని అయింది. మా ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదట నా దగ్గరికే వచ్చి భారతికి ఫోన్ చేయమనేవాళ్ళు. అందుకు నాకు గర్వంగా ఉండేది.

నా కుడి మోకాలు కొన్నేళ్ళుగా నొప్పి. గొర్రెల వెంట కొండ ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉండేది. పోయిన సంవత్సరం ఉగాది ముందర ఒకరోజు పెన్న ఒడ్డున కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేకపోయాను. గొర్రెలు పోయి పక్కవాళ్ళ కంది చేలో పడ్డాయి. చేను వాళ్ళు వచ్చి నన్ను తిట్టారు. నేను లేవలేకపోతున్నానని వాళ్ళు గమనించలేదు. నా భర్త వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తి నిలబెట్టాడు. ఆ సాయంత్రమే భారతికి ఫోన్ చేశాను.

ఏప్రిల్ నెలలో భారతి నన్ను డాక్టరు రఘునాథ్ గారికి చూపించింది. మోకాళ్ళకు ఆయనే స్పెషలిస్టు అని చెప్పింది. ఆయన నా కాలు ముట్టుకోలేదు. నన్ను నడవమనలేదు. ఎక్స్‌రే చూసి భారతితో ఇంగ్లీషులో మాట్లాడారు. బయటికి వచ్చాక భారతి నాతో, "పెద్దమ్మా, శానా అరిగిపోయింది. కీలు మార్చాల్సిందే. భయపడొద్దు, నేను పక్కనే ఉంటా" అని చెప్పింది. మందులతో తగ్గదా అని నా భర్త అడిగాడు. తగ్గదని చెప్పింది. మేము నమ్మాము. డాక్టరు మాట మీద నమ్మలేదు. భారతి మాట మీద నమ్మాము.

మే నెలలో ఆ కార్డు మీదనే ఆపరేషన్ చేశారు. నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు భారతి నా జడ విప్పి, పచ్చని టోపీలోకి వెంట్రుకలు సర్దింది. నా ముక్కుపుడక తీసి తన కొంగున కట్టుకుంది. ముఖానికి ఏదో పెట్టారు. తర్వాత నాకేమీ తెలియదు. మెలకువ వచ్చినప్పుడు మోకాలికి పెద్ద కట్టు ఉంది. భారతి నా పక్కనే కూర్చుని ఉంది. అయిపోయిందా అని అడిగాను. "అయిపోయింది పెద్దమ్మా. కొత్త మోకాలు పెట్టినారు" అని చెప్పింది. మరుసటి రోజు ఒక ఎక్స్‌రే తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టుకుని చూపించింది. అందులో తెల్లగా మెరిసే లోహం ఉంది. ఇదే నీ మోకాలు అని చెప్పింది. ఆ కిటికీ దగ్గర నా భర్త చేతులు జోడించి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో నాకు తెలియదు.

ఇంటికి వచ్చాక కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, బరువు ఎత్తవద్దు, కొత్త కీలు పాడవుతుంది అని చెప్పారు. నేను అలాగే చేశాను. అందరూ కింద కూర్చుని తింటుంటే నేను కుర్చీలో కూర్చుని తిన్నాను. బ్రహ్మంగారిమఠం పోయినప్పుడు స్వామి ముందర సాగిలపడలేదు. నిలబడే మొక్కుకుని, నా మోకాలు మార్చినారు సామీ, తప్పుగా అనుకోవద్దు అని చెప్పుకున్నాను. మందను నా మరిదికి అప్పగించాము. నొప్పి మాత్రం తగ్గలేదు. ముందు కంటే ఎక్కువైంది. కాలు సరిగా వంగేది కాదు.

భారతికి చెబితే, నువ్వు కాలు వంచడం లేదు, వ్యాయామం చేయడం లేదు అని కోప్పడింది. నేను చేశాను. రోజూ తెల్లవారుజామున నా భర్త నా మడమ పట్టుకుని వంచేవాడు. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ అదే మాట. నువ్వు వంచడం లేదు. చివరికి నా భర్త కూడా, నువ్వు సరిగా వంచడంల్యా ఏమో అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పెట్టినవాళ్ళు బాగానే పెట్టారు, నేనే చెడగొట్టుకుంటున్నాను అనుకున్నాను.

మా పక్కింట్లో షాహీదాబీ ఉంటుంది. బట్టలు కుడుతుంది. కుట్టుమిషను తొక్కి తొక్కి ఆమెకూ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. నువ్వు కూడా భారతి దగ్గరికి పో అని నేనే చెప్పాను. ఆమె పులివెందులలో తన అక్క ఇంటికి పోయినప్పుడు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒక డాక్టరమ్మకు చూపించుకుంది. ఆపరేషన్ అక్కర్లేదు, తొడ కండ గట్టిపడేందుకు వ్యాయామం చేయమని చెప్పి పంపారట. రెండు నెలల్లో ఆమెకు చాలావరకు తగ్గింది. నువ్వు కూడా ఒకసారి ఆ డాక్టరమ్మకు చూపించు గురవక్కా అని పోరు పెట్టింది. భారతికి చెబితే బాధపడుతుందని చెప్పకుండా పోయాను.

జనవరి నెలలో సంక్రాంతి అయిపోయిన వారంలో షాహీదాబీ, నేను ముద్దనూరు మీదుగా పోయే బస్సులో పులివెందుల పోయాము. అక్కడి డాక్టరు పేరు ప్రత్యూష. ఆమె నన్ను గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది. బల్ల మీద పడుకోబెట్టి రెండు మోకాళ్ళూ తానే వంచి చూసింది. నిలబెట్టి ఎక్స్‌రే తీయించింది. ఫిల్మ్ చూసి, ఆపరేషన్ ఏ కాలికి చేశారమ్మా అని అడిగింది. నేను చీర పైకి తీసి కుట్ల గుర్తు చూపించాను. మళ్ళీ ఎక్స్‌రే తీయించింది. ఫిల్ములు మారిపోయాయేమోనని తానే వచ్చి నిలబడి తీయించింది.

తర్వాత గది తలుపు వేయించి, నా పక్కన కూర్చుని చెప్పింది. "అమ్మా, మీ మోకాట్లో మీ ఎముకే ఉంది. వేరేది ఏమీ లేదు. పైన చర్మం కోసి కుట్టారు. లోపల కీలు మార్చలేదు."

నేను నమ్మలేదు. ఆమెకు పని తెలియదన్నాను. చిన్న పిల్లవు, నీకేం తెలుసు అని కూడా అన్నాను. నా బిడ్డ ఆ గదిలోనే ఉంది, తానే చూసింది అన్నాను. డాక్టరమ్మ కోప్పడలేదు. ఇంకొకరి ఎక్స్‌రే తెచ్చి నాదాని పక్కన పెట్టి చూపించింది. అందులో లోహం ఉంది. నాదాంట్లో లేదు. అది చదువు రానివాళ్ళకు కూడా తెలుస్తుంది. అయినా నేను షాహీదాబీని పోదాం పద అని లేచాను. బస్సులో ఆమె నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ముద్దనూరు వచ్చేదాకా నేను నా మోకాలిని చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఎనిమిది నెలలు నేను లేని కీలును కాపాడుకుంటూ తిరిగాను.

మరుసటి రోజు ఆ ఫిల్ములు తీసుకుని ప్రొద్దుటూరులో భారతి ఇంటికి ఒక్కదాన్నే పోయాను. ఆ డాక్టరమ్మ తప్పు చెప్పిందని భారతి అంటుందని పోయాను. నిజంగా అందుకే పోయాను. భారతి కాఫీ ఇచ్చింది. నేను ఫిల్ములు ఇచ్చి, పులివెందులలో ఇట్లా అంటున్నారు, చూడు అన్నాను. మా ఊరివాళ్ళు ఎవరు ఫిల్మ్ ఇచ్చినా భారతి వెంటనే వెలుతురుకు పట్టుకుని చూస్తుంది. ఆరోజు చూడలేదు. కవరు తెరవలేదు. పక్కన పెట్టి దాని మీద చేయి పెట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది.

ఆమె, "నీ కాలికి ఏం నష్టం జరగల్యా పెద్దమ్మా. తోలు కోసి కుట్టినారు, అంతే. సార్ చెప్పింది చేయకపోతే నన్ను తీసేస్తాడు" అంది.

ఆపరేషన్ అయ్యాక నువ్వు చూపించిన ఆ ఎక్స్‌రే ఎవరిది అని అడిగాను. వేరే ఆమెది అంది.

ఊళ్ళో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు తీసుకుపోయినావు అని అడిగాను. భారతి కాఫీ గ్లాసు నావైపు జరిపింది. తర్వాత చెప్పింది. ఆ మాట ఆమె చెప్పినట్టే రాయమని కోరుతున్నాను.

"వేరేవాళ్ళయితే అడుగుతారు పెద్దమ్మా. నువ్వయితే నన్ను అడగవని."

నేను కాఫీ తాగలేదు. ఫిల్ములు తీసుకుని బస్టాండుకు వచ్చాను. జమ్మలమడుగు బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఎక్కాలని నాకు తోచలేదు. తర్వాత వచ్చిన బస్సు ఎక్కాను.

ఇంట్లో చెబితే నా భర్త మొదట నమ్మలేదు. నమ్మిన తర్వాత, కేసు వద్దన్నాడు. "మనమే పెంచిన బిడ్డ. జైలుకు పోతే ఆ పిల్ల బతుకేంగాను" అన్నాడు. ఆ వారంలోనే భారతి మా ఇంటికి వచ్చి అతని కాళ్ళ మీద పడి ఏడ్చింది. నా కాళ్ళ మీద పడలేదు. నావైపు చూడలేదు. నేను నా భర్తతో, నాకొక్కదానికే చేసి ఉంటే ఊరుకునేదాన్నేమో, ఇంకెంతమందికి ఇలా చేశారో మనకు తెలియదు కదా అన్నాను. అతను లేచి చేనికి పోయాడు. నేను షాహీదాబీని తోడు తీసుకుని ప్రొద్దుటూరు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను. నా తర్వాత రాజుపాలెం వైపు నుంచి మరికొందరు ఆడవాళ్ళు వచ్చారని పోలీసులు చెప్పారు. వాళ్ళెవరో నాకు తెలియదు. కడపలో డాక్టర్లు కొందరు కలిసి నా కాలు పరీక్షించి, మళ్ళీ ఎక్స్‌రే తీసి, పోలీసులకు రాసిచ్చారు.

ఆ పరీక్ష అయ్యాక డాక్టరు ప్రత్యూష నా కీలు నిజంగానే అరిగిందని, మందులతో లాభం లేదని, మార్చాలని చెప్పింది. నేను చేయించుకోనన్నాను. నొప్పికి భయపడి కాదు. నిద్రపుచ్చితే ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ మాట ఆమెకే చెప్పాను. వెన్నుకు సూది వేసి, మెలకువగా ఉంచే చేస్తానని ఆమె మాట ఇచ్చింది. పెట్టబోయే కీలును పెట్టెతో సహా ముందే నాకు, నా భర్తకు చూపించింది. జూలై నెలలో పులివెందులలో చేశారు. మధ్యలో తెర కట్టారు కాబట్టి నాకు కనిపించలేదు. కానీ వినిపించింది. రంపం చప్పుడు, సుత్తి చప్పుడు అన్నీ విన్నాను. సుత్తి దెబ్బకు బల్ల అదిరేది. నాకు ఏడుపు వచ్చింది. నొప్పి వేస్తోందా అని నర్సు అడిగింది. లేదన్నాను. ఇట్లా చప్పుడు అవుతుందని నాకు తెలియదు, అందుకే ఏడుస్తున్నా అన్నాను.

ఇప్పుడు కాలు వంగుతోంది. కర్ర లేకుండా నడుస్తున్నాను.

ఈరోజు ఉదయం ఈ కోర్టు మెట్ల దగ్గర భారతి ఉంది. ఆమె బెయిలు మీద ఉందని తెలుసు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, మెట్లు ఎక్కించడానికి చేయి చాచింది. "నీ కాలు బాగైంది గదా పెద్దమ్మా. నా పేరు చెప్పొద్దు. డాక్టరు పేరు ఒక్కటే చెప్పు" అంది. నేను గోడ పట్టుకుని ఎక్కాను. నా భర్త ఆమె దగ్గరే కింద ఆగిపోయాడు. అతను ఇప్పుడు కూడా కిందనే ఉన్నాడు.

నా కాలు బాగైన మాట నిజం. అది కూడా రాసుకోమని కోరుతున్నాను. నన్ను డాక్టరు రఘునాథ్ మోసం చేశాడు. ఆయన నాకు ఏమీ కాడు. భారతి నాకు బిడ్డ. ఆమె పేరు కూడా రాయండి.

పైన చెప్పినదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. ఇందులో కల్పించినది లేదు, దాచినది లేదు.

సంతకం వచ్చా అని మెజిస్ట్రేటు గారు అడిగారు. వచ్చు. తాను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు భారతి నాకు పలక మీద నేర్పింది. ఈరోజు నిశానీ వేస్తానని అడిగాను. అనుమతించారు.

గురవమ్మ, ఎడమ చేతి బొటనవేలి గుర్తు.