పత్తికుప్పలో ఎనభై అయిదు

బోథ్ దగ్గర ఓ ఇంటి ముందు పత్తి వానకు తడిసి ముద్దయింది. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన తమ్ముడి కూతుర్ని చూసి పెద్దబాపు నవ్వాడు.

"నువ్వు ఇంట్ల పత్తికుప్పల పెట్టిన వేడి సూసే మిషిన్ ఎనభై అయిదు డిగ్రీలు చూపిచ్చింది బిడ్డా. ఇల్లు అంటుకుంటదని పత్తంత బయట ఏసినం."

"చెయ్యి పెట్టి సూశినవా?"

"సల్లగనే ఉండె. నువ్వు పెట్టినదాన్ని కాదని చెయ్యిని నమ్ముతనా?"

ఆమె మిషిన్ తీసి తీగ చూసింది.

"అది పత్తి వేడి కాదు పెద్దబాపు. కరెంటు సక్కగ అందకుంటే సెన్సర్ కొలవకుండనే గా అంకె చూపిస్తది. నేనే బోర్డుకు తీగ అతికియ్యక, ఉత్తగ మెలిపెట్టి పోయిన."

ఆయన తడిసిన పత్తి పిడికెడు తీసి పిండాడు.

"గీ మాట ఎవ్వలకు చెప్పకు."

"ఎందుకు?"

"నా బిడ్డ ఇల్లు కాపాడిందని పొద్దుగాల్నుంచి ఊరంత చెప్పుకుంట తిరిగిన."