ఎదురు కుర్చీ

హాస్టల్ మెస్‌లో మొదటి సంవత్సరం అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి, క్రైస్తవ ప్రార్థన ఫెలోషిప్ నడిపే సీనియర్ ఎదురుగా కూర్చోబోయింది.

“అక్కడ కూర్చోకే. ఒకమ్మాయి వస్తోంది.”

“రోజూ నేనే కదక్కా ఇక్కడ కూర్చునేది?” అంటూ కూర్చుంది.

“నీకు మొన్న బాప్తిస్మం అయిపోయిందిగా. ఆ అమ్మాయి ఇంకా ప్రభువును ఎరగదు, పాపం.”

“నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుని తల నిమిరావు. సొంత చెల్లెలివన్నావు.”

“అప్పుడు నీ ఆత్మ గురించి నాకెంత భారంగా ఉండేదనీ!”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడా భారం తీరిపోయింది. దేవునికి స్తోత్రం.”

“అక్కా, బాప్తిస్మం సంగతి ఇంట్లో తెలిసిపోయింది. అమ్మ కూడా ఫోనెత్తడం లేదు.”

“అయ్యో! ఆదివారం ప్రార్థనలో సాక్ష్యం చెప్పేటప్పుడు అది తప్పకుండా చెప్పు, అందరూ కదిలిపోతారు. ఏడుపొస్తే ఆపుకోకు.”

“నాకిప్పుడు నువ్వు తప్ప ఎవరూ లేరక్కా.”

“అందుకే నీకూ సేవ అప్పగిస్తున్నాం. ఇక్కడ ఎవరు ఒంటరిగా తింటున్నారో చూసి, వెళ్ళి పక్కన కూర్చో. అలాంటివాళ్ళు తొందరగా కరుగుతారు.”

“నా పక్కకి నువ్వు అందుకే వచ్చావా?”

“అదుగో, తనొచ్చేసింది. కాస్త నవ్వుతూ లేవవే, చూస్తోంది.”